షోరూమ్ కుర్రాడు కిలోమీటరుకి రూపాయే అన్నాడు

క్యాబ్‌కి ఎలక్ట్రిక్ కారు తీసుకుని ఏడాదిన్నర అయింది. అంతకుముందు డీజిల్ బండి తోలేవాణ్ణి, అందుకే "కిలోమీటరుకి రూపాయే సార్" అనగానే ఇంకేం ఆలోచించలేదు. జీఎస్టీ 5 శాతమే, పర్మిట్ అక్కర్లేదు అన్నాడు, అవి నిజమే.

మొదటి దెబ్బ ఇంట్లోనే. విజయవాడ పటమటలో అద్దె ఇల్లు మాది. చార్జర్ పెడితే ఎర్ర లైటు, చార్జింగ్ ఎక్కదు. బండిలోనే ఏదో లోపం అనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డా. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసి "ఇంటికి ఎర్తింగే లేదన్నా" అన్నాడు. మెట్ల పక్కన గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వరసలుగా వేసి, రెండు బిందెల నీళ్లు పోశాక గానీ పచ్చ లైటు వెలగలేదు. దానికీ, లోడ్ పెంచడానికీ, కొత్త వైరుకీ కలిపి 14 వేలు, ఓనరు గారిని బతిమాలింది కాక. ఎండాకాలంలో ఆ గోతిలో నీళ్లు పోయడం మా ఆవిడ పని.

రోజుకి 150 కిలోమీటర్లు తిరిగితే ఇంట్లో ప్లగ్గు దగ్గర 24 యూనిట్లు కాలుతున్నాయి. ఇంటి మీటరులో 400 దాటాక యూనిట్ 9.75, అంటే కిలోమీటరుకి రూపాయిన్నర పైనే. బయట ఫాస్ట్ చార్జింగ్‌కి నేను కట్టేది యూనిట్‌కి 18, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, కిలోమీటరుకి మూడు రూపాయల పైనే. డీజిల్‌తో చూస్తే అదీ చవకే. పోయేది టైము. మే నెల, ఏసీ ఆపితే ప్యాసింజర్ ఊరుకోడు, మధ్యాహ్నం రెండింటికల్లా బ్యాటరీ 19 శాతానికి దిగింది, సరిగ్గా అప్పుడే గన్నవరం ఎయిర్‌పోర్ట్ ట్రిప్ పడింది. వదిలేసి చార్జింగ్‌కి వెళితే అక్కడున్న రెండు గన్‌లలో (కారుకి గుచ్చే చార్జింగ్ ప్లగ్గులు) ఒకటి పనిచేయదు, ఇంకోదానికి కారు తగిలించి ఆయనెవరో బిర్యానీకి వెళ్లాడు. నా వంతు వచ్చాక కూడా 80 దాటిందంటే నత్తనడకే. నన్నడిగితే ఆ గంటన్నరలో పోయిన ట్రిప్పులు కూడా కరెంటు ఖర్చులోనే రాయాలి.

ఆయిల్ మార్చే పని లేదు, బ్రేక్ ప్యాడ్లు ఇంకా కంపెనీవే. టైర్లు మాత్రం 36 వేల కిలోమీటర్లకే అరిగిపోయాయి, బండి బరువు, పైగా పికప్ ఎక్కువ. ఇన్సూరెన్స్ ఏడాదికి 38 వేలు. ఈఎంఐ 19,600, ట్రిప్పులున్నా లేకపోయినా.

మొన్న ఆటోనగర్‌లో పాత బండ్లు కొనేవాణ్ణి, అమ్మితే ఎంతొస్తుందని ఊరికే రేటు అడిగా. కారు చుట్టూ తిరిగి చూడనైనా చూడకుండా "ఫుల్ చార్జికి బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు లాగుతోంది?" అన్నాడు. చెప్పా. 5 లక్షలన్నాడు. లోను ఇంకా 6 లక్షల 80 వేలుంది. తాళం జేబులో వేసుకుని చార్జింగ్‌కి పోయా.