శనివారం: పసుపు కాగితం, ద్రాక్ష మరక

ఫిబ్రవరి 28, టంగుటూరు.

బడిలో హాజరు 34కి 27. పొగాకు రెలిచే రోజులు, అంటే ఆకు కోసే కాలం. తెల్లారేసరికి అమ్మలు చేలోకో, ఆకు కాల్చే బ్యారన్ కాడికో పోతే, చంటిబిడ్డ కాపలా నాలుగో తరగతి పిల్ల మీద పడుద్ది. "పిల్లను పంపండి" అని కబురు పెడితే రారు. "చంటోణ్ణి కూడా ఎత్తుకురా" అంటేనే వస్తారు. ఇవాళ ఇద్దరు అట్లాగే వచ్చారు.

మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతులకు తలకు 100 గ్రాముల బియ్యం, అంటే 2 కిలోల 700. వండే ఆయమ్మ కాటా ముట్టదు, డబ్బాతోనే పోస్తుంది. ఓసారి బియ్యం తూచి డబ్బాలో పోసి, ఆ మట్టం దగ్గర మేకుతో గీత గీరి పెడితే సరిపోతుంది. చంటోళ్లు లెక్కలో ఉండరు, పళ్లెం ముందు ఉంటారు. రాగిజావ మళ్లీ ఉండలు కట్టింది. మరిగే నీళ్లలో పిండి నేరుగా పోస్తే పైపొర ఉడికి లోపల పచ్చిపిండి మిగులుద్ది. ముందు చన్నీళ్లలో జారుగా కలుపుకుని, తిప్పుతూ పొయ్యాలి.

రామన్ ఎఫెక్ట్ బయటపడిన రోజు కాబట్టి సైన్సు దినం. అరగ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు కలిపి, తెల్లకాగితం ముంచి ఆరబెట్టాం. బట్టల సబ్బు నీళ్లు చుక్క వేస్తే ఎర్రబడింది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుకి వచ్చింది. క్యాలెండర్ కాగితం పనికిరాదు, నున్నగా ఉండి పసుపు పీల్చదు. సున్నం వేస్తే ఎరుపు ఇంకా బాగా తేలుద్ది గానీ అది పిల్లల చేతికి ఇవ్వకూడదు, కంట్లో పడితే ప్రమాదం.

నాలుగున్నరకి చర్చి. రేపు నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం: యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. మా బాప్టిస్టు సంఘంలో పులియని రసమే వాడతాం. 120 కప్పులు, కప్పుకి 15 మి.లీ. చొప్పున 1.8 లీటర్లు. మూడు కిలోల నల్లద్రాక్షకి రెండు లీటర్ల దాకా దిగుద్ది. స్టీలు గిన్నెలోనే కాయాలి, అల్యూమినియం పులుపుకి కరుగుద్ది. గ్లాసుడు నీళ్లు పోసి, తోలు పగిలేదాకా ఉడికించి పప్పుగుత్తితో మెల్లగా అదమాలి. గింజ నలిగిందా, వగరు. పల్చటి బట్టలో వేలాడదీసి వదిలెయ్యాలి. తొందరపడి పిండితే రసం మడ్డిగా వస్తుంది. రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఈ ఎండలకి తెల్లారేసరికి బుడగలు.

బల్ల మీద పరిచే తెల్లదుప్పటి మీద ఓ చుక్క పడింది. స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకావిడ సబ్బు రుద్దింది, మరక నీలంగా మారింది! పొద్దున పసుపు కాగితం చేసిన పనే ఇది, రంగు మాత్రం వేరు. నిమ్మకాయ పిండితే గులాబీ రంగుకి వచ్చింది, ఆ తర్వాత చన్నీళ్లలో జాడించాం. ద్రాక్ష మరకకి ఎప్పుడూ ముందు పులుపు, ఆ తర్వాతే సబ్బు.

పిడికెడు బియ్యం ఈ నెల 11 కిలోలు. సంఘం ఇళ్లలో పూటపూటా ఎసట్లో పోసే ముందు చర్చి కోసం గుప్పెడు తీసి దాచినవి. చౌకడిపో బియ్యం, సన్నాలు, పాతవి అన్నీ కలిసి ఉంటాయి. అన్నం వండితే సగం మెత్తన, సగం పలుకు. అందుకే రేపు వేలంపాటలో పాడుకునేవాళ్లు వీటిని దోసెపిండికే తీసుకుంటారు. తూకం ఇద్దరు చూసి, పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కరే రాస్తే ఎంత మంచివాళ్లైనా మాట పడతారు.

బియ్యం ఆశ చూపి మతంలో కలిపారనే మాట ఈ వైపు పాతదే. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకి తీసుకుని కూలి ఇప్పించాడు. గింజల కోసం వచ్చారనిపించుకోకూడదని ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. రేపు ఆదివారం బడిలో పిల్లలకి ఆ సంఖ్య కంటే ముందు ఆ ఆపడం గురించి చెప్పాలి.

బియ్యంలో పురుగు కనపడింది. పొద్దున ఎండకి పెట్టకుండా చాటలో పోసి నీడలో ఆరబెట్టాలి, ఎండలో గింజ విరుగుద్ది. కప్పులు ఇంకా కడగలేదు.