ఫోన్లో బాగనే ఉండాది కదన్నా!

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ఫోటో ఫ్రేములు, లామినేషన్లు, ఫ్లెక్స్ డిజైన్లు చేసుకుని బతుకుతున్నా. పై మాట నేను వినని రోజు లేదు. వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగొచ్చిన ఫోటో చూపించి, పన్నెండు పద్దెనిమిది సైజులో ఫ్రేము కట్టియ్యమంటారు.

మొన్న ఒక పిల్లోడు వచ్చినాడు. "అన్నా, మా జేజి ఫోటో. ఎల్లుండి దినాలు. పెద్దగా వేసియ్యి."

"అంత పెద్దగా వేస్తే పగిలిపోతాది అబ్బీ."

"ఫోన్లో బాగనే ఉండాది కదన్నా!"

ఫోన్లో ఎందుకు బాగుండదు? అరచేతంత తెర అది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్లకు, అంటే బొమ్మలోని చిన్న చిన్న చుక్కలకు, అటూ ఇటూగా కుదించుకుపోతుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 89 చుక్కలు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 300 ఉండాల. గోడకు తగిలించేదైతే 200తో సర్దుకోవచ్చు. 89 అంటే ఎట్లా? మానిటర్ మీద 100 శాతానికి పెంచి చూపించినా. జేజి ముక్కుపుడక రాయి నాలుగు తెల్ల గడులైపోయింది. నెరిసిన వెంట్రుకల చుట్టూ చీమలు పాకినట్టు మచ్చలు.

"ఇంట్లో కాగితం ఫోటో ఉందేమో చూడుపో" అన్నా. ట్రంకు పెట్టెలోంచి 4×6 ఫోటో ఒకటి తెచ్చినాడు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వచ్చినాయి. 12×18కి సరిగ్గా అంగుళానికి 200. ఆ కాలం స్టూడియో ఆయన ఫోకస్ కుదిరిచ్చి తీసినాడు కాబట్టి ముక్కుపుడక ముక్కుపుడక లాగే పడింది. దాన్నే ఫోన్‌తో ఫోటో తీసి పంపుంటే ట్యూబులైటు మెరుపు కూడా జేజి నుదుటి మీదికి వచ్చేది.

ఇంకో రకం వాళ్లుంటారు. ఫోటోషాప్‌లో డీపీఐ 72 ఉన్నచోట 300 అని కొట్టి, "హై క్వాలిటీ చేసినా" అంటారు. రీశాంపుల్ టిక్ తీసేసి ఆ అంకె మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. టిక్ పెడితే లేని చుక్కల్ని సాఫ్ట్‌వేరే ఊహించి నింపుతుంది, మొహం మైనం పూసినట్టు నున్నగా తేలుతుంది. డీపీఐ అడగొద్దు, అడ్డం ఎన్ని పిక్సెళ్లు, నిలువు ఎన్ని, అది చెప్పండి చాలు. ఫ్లెక్స్ సంగతి వేరు. రోడ్డు అవతలి నుంచి చూసేదానికి 72 చాలు, అంతకన్నా తక్కువైనా నాయకుని మీసం మీసంలాగే కనిపిస్తుంది.

కంప్యూటర్ తెర మరీ దయగలది. 1920×1080 మానిటర్‌కు కావలసింది ఇరవై లక్షల చిల్లర పిక్సెళ్లే. ఫోన్ కెమెరా 4000×3000 ఫోటోలో కోటీ ఇరవై లక్షలుంటాయి. అయినా సొంత ఫోటో డెస్క్‌టాప్ మీద పెడితే ఎందుకు బాగుండదంటే, ఫోటో అడ్డం నిలువుల పాళ్లు 4:3, తెరవి 16:9. విండోస్‌లో "ఫిల్" పెడితే పైనా కిందా కలిపి నాలుగో వంతు తెగిపోతుంది. "స్ట్రెచ్" పెడితే మనుషులు లావెక్కుతారు. కత్తిరించే పని విండోస్‌కు వదలకుండా మనమే చేసుకోవడం మేలు.

మా షాపు కంప్యూటర్లో గండికోట ఫోటో ఉంది, కోట అంచు నుంచి నేనే తీసింది. లోయ అడుగున పెన్న సన్నటి గీతలాగా ఉంటుంది. ఆ గీత టాస్క్‌బార్ కిందికి పోకుండా, ఎక్కువ భాగం ఆకాశంలోంచే కోసినా. ఐకాన్లు ఎడమ పక్కన పేరుకుంటాయి కాబట్టి అటువైపు ఉత్త ఆకాశం, నీడలో ఉన్న బండ ఉండేట్టు చూసుకున్నా. ఎర్రటి ఎండ పడిన రాళ్లన్నీ కుడి పక్కకు వచ్చినాయి. ఇక్కడ విండోస్ ఇంకో పని చేస్తుంది. జేపెగ్ (ఫోటోలు మామూలుగా ఉండే ఫైలు రకం) బొమ్మను వాల్‌పేపర్‌గా పెడితే నాణ్యత తగ్గించి తన కాపీ ఒకటి దాచుకుంటుంది. ఆకాశం మెట్లు మెట్లుగా కనిపిస్తే కారణం అదే కావచ్చు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్ కింద "జేపెగ్ ఇంపోర్ట్ క్వాలిటీ" అనే విలువ చేర్చి 100 పెట్టి, లాగాఫ్ అయి వచ్చి బొమ్మ మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది. రిజిస్ట్రీ జోలికి పోవడం అలవాటు లేనివాళ్లు మాత్రం తెలిసినవాళ్లతోనే చేయించుకోండి.

ఆ గండికోటను చూసి ఒక సారు, "కొత్తింటికి ఫ్రేము కట్టియ్యప్పా, ఈ డెస్క్‌టాప్ బొమ్మే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించు" అన్నాడు. తెర కొలతకు 1920×1080కి కుదించి కోసిన ఆ ఫైలు 300 చొప్పున వేస్తే ఆరున్నర అంగుళాలు కూడా రాదు. ఫోన్లోని అసలు ఫోటో తీసుకున్నా. 18 అంగుళాలకు 222 చుక్కలు పడినాయి, గోడకు చాలు. ఇంకో చిక్కు వెలుతురు. తెర వెనక దీపముంటుంది, కాగితానికి ఉండదు. అందుకే లోయ నీడలన్నీ నల్లముద్ద కాకుండా కొంచెం వెలుగు పెంచి, ముందు 4×6లో ఒకటి వేసి, బయటికి తీసుకుపోయి ఎండలో చూపించినా.

"రాళ్లు ఇంకొంచెం ఎర్రగా రాదా?" అన్నాడు సారు. ఇంకా ఎరుపు పెంచితే రాళ్లలో గీతలు పోతాయని చెప్పి, పెంచింది కూడా ఒకటి వేసిచ్చినా. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని మొదటిదే ఖాయం చేసినాడు. చిన్న టెస్టు ప్రింట్లకు నేను డబ్బులు తీసుకోను, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఫోటో పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో "డాక్యుమెంట్"గా పంపండి, లేదంటే పెన్‌డ్రైవ్ తీసుకురండి.