వాన ఆగేదాకా మైదాన్‌లో

ఫలక్‌నుమా హౌరా చేరేసరికి ఎప్పటిలాగే ఆలస్యమైంది. స్టేషన్ బయట టాక్సీ అతను ధర్మతలాకు ఆరు వందలు అడిగాడు. బ్రిడ్జి దాటి కాస్త ముందుకెళితే వచ్చే చోటికి ఆరు వందలేమిటని ఒళ్లు మండింది. వెనక్కి తిరిగి మెట్రోలోకి దిగాను. హుగ్లీ నది అడుగునుంచి పోయే ఆ రైల్లో ఎస్‌ప్లనేడ్‌కు, అంటే ధర్మతలాకే, పది రూపాయలు. సామాను తక్కువుంటే మీరూ అదే ఎక్కండి. ఇక నేను వెళ్లిన ఆఫీసు పని గురించి రాయడానికేమీ లేదు. మీటింగులు, ఏసీ గది, చప్పటి భోజనం. రాయాలనిపించింది చివరి మధ్యాహ్నం ఒక్కటే.

తిరుగు బండి మర్నాడు పొద్దున. ఆ పూట ఖాళీ. విక్టోరియా మెమోరియల్ చూసి రమ్మని అందరూ చెప్పారు. నాకు మాత్రం కలకత్తా నడిమధ్యన ఉన్న ఆ పెద్ద పచ్చిక బయలు, మైదాన్, చూడాలని ఉంది. చిన్నప్పుడు మా నాన్న పేపరు ఆఖరి పేజీ పైకి చదివేవాడు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్. ఎవరో, ఎక్కడో తెలియకుండానే ఆ పేర్లు నోటికి వచ్చేశాయి. ఈడెన్ గార్డెన్స్ దాటి నడిస్తే ఆ ఫుట్‌బాల్ క్లబ్బుల టెంట్లు కనిపించాయి. వందేళ్లుగా పడని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూతవేటు దూరంలోనే ఉంటాయని చూస్తే తప్ప నమ్మలేం.

ఎండ నెత్తి మాడుస్తోంది. మూడున్నర దాటగానే పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఉన్నట్టుండి గాలి లేచి దుమ్ము కళ్లలో కొట్టింది. పక్కనున్నవాళ్లు 'కాల్‌బైశాఖి', అంటే వేసవి గాలివాన, అంటూ పరుగెత్తారు. వాళ్ల వెనకే నేనూ పరుగెత్తి ఏదో చిన్న క్లబ్బు టెంట్ క్యాంటీన్‌లో తలదాచుకున్నాను. పైన రేకులు, కింద చెక్క బల్లలు. వాన రేకుల మీద పడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడటం లేదు.

మైదాన్ క్యాంటీన్లలో చికెన్ స్టూ, కాల్చిన బ్రెడ్డు పేరుమోసినవి. పలచటి రసం, అందులో ఓ బంగాళాదుంప ముక్క, బొప్పాయి ముక్క, పైన మిరియాల పొడి. ఆటగాళ్ల కోసం పుట్టిన వంట కాబట్టి కారం ఉండదు. మన నాలుకకు మొదటి చెంచా ఆసుపత్రి భోజనంలా తగిలింది కానీ, నాలుగో చెంచాకి ఆ వానలో అదే హాయిగా అనిపించింది.

నా బల్ల మీదే ముగ్గురున్నారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఈస్ట్ బెంగాల్ మనిషి. ఆయన ఎదురుగా అదే వయసు కళ్లజోడాయన, మోహన్ బగాన్. మధ్యలో ఎరుపు, పసుపు జెర్సీ వేసుకున్న కాలేజీ కుర్రాడు, పెద్దాయన మేనల్లుడు. కుర్రాడి చేతిలో ఫోను. తమ టీమ్‌లో ఇద్దరు ఫార్వర్డ్‌లకు పడటం లేదని వాడి వాదన. ఒకడు గోల్ కొడితే రెండోవాడు పరుగెత్తుకు రాలేదట, ఇన్‌స్టాలో ఒకరినొకరు అన్‌ఫాలో చేసుకున్నారట. ఇద్దరిలో ఒకడు వచ్చే సీజన్‌కు క్లబ్బు మారడం ఖాయమట. వీడియో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపిస్తున్నాడు.

పెద్దాయన ఆ ఫోను వైపు చూడలేదు. "గోల్ కొట్టాక వాటేసుకోవడం కెమెరా కోసం చేస్తారు. బంతి పోయినప్పుడు వాడి కోసం వీడు వెనక్కి పరుగెత్తుతున్నాడా? అది చూడు" అన్నాడు. ఆయన కుర్రతనంలో పొద్దున్నే ఈ మైదాన్‌కు వచ్చి, కంచె అవతల నిలబడి ప్రాక్టీసు చూసేవాడట. ఎవడు ఎవడి పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడో గమనిస్తే టీమ్‌లో సంగతులన్నీ తెలిసిపోయేవట. ఇప్పుడు తలుపులు మూసుకుని ప్రాక్టీసు చేయిస్తున్నారు, అందుకే కుర్రాళ్లు ఫోనులో వెతుక్కుంటున్నారు అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. అభిమాని ఎప్పుడూ ఆటగాడి మనసులో ఏముందో తెలుసుకోవాలనే చూస్తాడు. అప్పుడు కంచె సందు, ఇప్పుడు ఫోను తెర.

కళ్లజోడాయన కల్పించుకున్నాడు. అసలు మీ క్లబ్బు పుట్టిందే గొడవలో కదా అన్నాడు. నిజమే. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు జోరాబగాన్ క్లబ్బు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్ వాడు కాబట్టే పక్కన పెట్టారని, ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అలిగి బయటికొచ్చేశాడు. రోజుల వ్యవధిలో, ఆగస్టు 1న, ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టింది. ఒక్క ఆటగాణ్ణి ఆడించకపోతే ఒక క్లబ్బే లేచింది! పెద్దాయన దానికి నొచ్చుకోలేదు. "అవును, అవమానం పడ్డవాడి కోసం పుట్టిన క్లబ్బు మాది" అని ఛాతీ విరుచుకున్నాడు.

అక్కణ్నుంచి వాళ్లిద్దరూ ఆగలేదు. వాన పెరిగే కొద్దీ వాళ్ల గొంతులూ పెరిగాయి. పాతరోజుల్లో క్లబ్బు మారాలంటే సూటర్‌కిన్ స్ట్రీట్‌లో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి. ఆ సీజన్ వస్తే ఆటగాళ్లను ఎత్తుకెళ్లి, ఎవరికీ తెలియని ఇళ్లలో దాచి, సంతకం రోజున కాపలాతో తీసుకొచ్చేవారు. ఈస్ట్ బెంగాల్‌కు ఆ పని చేసిన జీబన్, పల్టూల జంట పేరు చెబితే ఇప్పటికీ కళ్లజోడాయన ముఖం మారిపోతోంది. 1985లో కృశాను డే, వికాస్ పాంజీ ఇద్దరూ మోహన్ బగాన్ వదిలి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. ప్రాణస్నేహితులు. ఒకరి పాదం ఎటు కదులుతుందో రెండోవారికి చూడకుండానే తెలిసేదట. విడదీసి కొనలేని జంట. కృశానును ఇండియన్ మారడోనా అనేవారు. 1992లో ఇద్దరూ మళ్లీ మోహన్ బగాన్‌కు వచ్చేదాకా కళ్లజోడాయన తన ఇంట్లో ఆ పేర్లు ఎత్తనివ్వలేదట. "తిరిగొచ్చాక?" అని అడిగాను. "తిరిగొచ్చాక మనవాళ్లే కదా" అన్నాడు. ఆ జవాబులో లెక్క లేదు, పట్టుదల లేదు. ఇంటికొచ్చిన పిల్లల గురించి చెప్పినట్టు చెప్పాడు.

పెద్దాయన వంతు వచ్చింది. 1980లో సురజిత్ సేన్‌గుప్తాతో పాటు టీమ్‌లో చాలామంది ఒక్కసారిగా ఈస్ట్ బెంగాల్ వదిలి మొహమ్మడన్‌కు వెళ్లిపోయారు. క్లబ్బు ఖాళీ అయిపోయిందని అందరూ అనుకుంటే, అలీగఢ్‌లో చదువుకుంటున్న ఇరాన్ కుర్రాళ్లను తీసుకొచ్చారు. వాళ్లలో మజీద్ బిష్కర్ లాంటి ఆటగాణ్ణి తన జన్మలో మళ్లీ చూడలేదన్నాడు. రెండోవాడు జంషీద్ నసీరి కలకత్తాలోనే స్థిరపడ్డాడు. ఆ జంషీద్ కొడుకు కియాన్, 2022 జనవరిలో డెర్బీలో, అంటే ఈ రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్‌లో, మోహన్ బగాన్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఈస్ట్ బెంగాల్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఇది చెబుతూ కళ్లజోడాయన బల్ల మీద చరిచాడు. పెద్దాయన కాసేపు ఊరుకుని, "జంషీద్ కొడుకు కదా, బాగా ఆడతాడు మరి" అన్నాడు. అంత కోపంలోనూ ఆ పిల్లవాడి ఆటలో తండ్రిని వెతుక్కుంటున్నాడాయన.

అన్వర్ అలీ పేరు వచ్చేసరికి మాత్రం వాతావరణం మారిపోయింది. ఆ గొడవ మీరూ చదివే ఉంటారు. ఢిల్లీ ఎఫ్‌సీ నుంచి నాలుగేళ్లకు అరువు ఆటగాడిగా (లోన్ మీద) మోహన్ బగాన్‌కు వచ్చిన డిఫెండర్, ఒక్క సీజన్ కాగానే 2024లో ఆ ఒప్పందం తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ కమిటీ నాలుగు నెలల నిషేధం, 12.90 కోట్ల పరిహారం అంది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని, మళ్లీ విచారిస్తామన్నారు. కళ్లజోడాయనకు డబ్బు సంగతి పట్టలేదు. గుండె జబ్బని ఫెడరేషన్ ఆడొద్దన్న కుర్రాణ్ణి మేం నమ్మి నెత్తిన పెట్టుకున్నాం, వాడు ఎవరి దగ్గరికైనా పోవచ్చు, మైదాన్‌లో అవతలి గుడారానికే పోవాలా అన్నది ఆయన బాధ. కుర్రాడు ఊరుకోలేదు. ఉద్యోగం మారితే తప్పేంటి, నీ కొడుకు బెంగళూరులో కంపెనీ మారలేదా అన్నాడు. "కంపెనీ మారినప్పుడు వాడి కోసం అరవై వేలమంది గొంతు చించుకుని పాడలేదు" అన్నాడు కళ్లజోడాయన. కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆటగాడి కెరీర్ పదేళ్లు, పన్నెండేళ్లు. ఎక్కడ మంచి జీతం వస్తే అక్కడికి వెళ్లే హక్కు వాడికుందని నా గట్టి నమ్మకం. అయినా ఆ ముసలాయన కళ్లలో నీళ్లు చూశాక ఆ మాట పైకి అనలేకపోయాను.

మాట మార్చడానికి కాబోలు, మీదే ఊరని నన్ను అడిగారు. హైదరాబాద్ అన్నాను. పెద్దాయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "బలరామ్ ఊరు!" అన్నాడు. ఆ వెంటనే వేళ్లు మడుస్తూ 1949 నుంచి వరుసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన తమ ఐదుగురు ఫార్వర్డ్‌ల పేర్లు చదివాడు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పంచపాండవులట వాళ్లు. కలకత్తా వానలో ఒక బెంగాలీ నోట 'అప్పారావు' అని వింటే ఒళ్లు పులకరించింది.

తులసీదాస్ బలరామ్ మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ వాడు. కోచ్ రహీం సాబ్ చేతిలో తయారై 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన టీమ్‌లో ఆయన ఈస్ట్ బెంగాల్ నుంచి, చునీ గోస్వామి మోహన్ బగాన్ నుంచి, పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వే నుంచి. క్లబ్బుల్లో ఎదురెదురుగా తలపడేవాళ్లను రహీం ఒక తాటి మీద ఆడించాడు. ఇప్పుడు ఇద్దరు ఫార్వర్డ్‌ల అలక గురించి ఇంత మాట్లాడుతున్నాం కదా, ఆ పని ఎంత కష్టమో ఆలోచించండి. పెద్దాయన చిన్నపిల్లాడిగా తండ్రి భుజాల మీద ఎక్కి బలరామ్ ఆట చూశాడట. ఆ బలరామ్ 1963లో క్లబ్బు పెద్దల మీద మనసు విరిగి బీఎన్ఆర్ అనే రైల్వే టీమ్‌కు వెళ్లిపోయాడు. ఆ గాయం ఆయనకు చివరిదాకా మానలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఉండేవాడు, 2023 ఫిబ్రవరిలో పోయాడు. "మా నాన్న ఆయన మీద ఎన్నడూ కోప్పడలేదు. మావాళ్ల మీదే కోప్పడ్డాడు" అన్నాడు పెద్దాయన. అన్ని క్లబ్బు మార్పులూ ద్రోహం కాదని వీళ్లకూ తెలుసు. ఎవరు ఎవరిని ముందు వదిలేశారో చూసి తీర్పు చెబుతారు.

అప్పుడు అడిగాడు కుర్రాడు, "మరి మీ హైదరాబాద్ క్లబ్బు ఎలా ఉంది?" అని.

2022 మార్చిలో గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి మా క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రి మా ఇంట్లో ఎంత గోల చేశామో నాకు గుర్తుంది. తర్వాత డబ్బు ఇబ్బందులు. ఒక్కొక్క ఆటగాడూ వెళ్లిపోయాడు. గచ్చిబౌలి స్టేడియంలో ఖాళీ కుర్చీల మధ్య, పేర్లు తెలియని కుర్రాళ్లను ఉత్సాహపరుస్తూ కూర్చున్నాం. చివరికి యాజమాన్యం మారి, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇదంతా చెప్పాను.

ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. ఆటగాడు మారితే చేసే గొడవలు వాళ్లకు తెలుసు. క్లబ్బే మారిపోవడం వాళ్ల ఊహకు అందలేదు. కళ్లజోడాయన అడిగిన మొదటి మాట, "మీరేం చేశారు?" 2020లో కలకత్తాలోని మరో క్లబ్బు ఏటీకేతో కలిశాక మోహన్ బగాన్ పేరు ముందు చేరిన ఆ మూడక్షరాల కోసం వాళ్లు మూడేళ్లు బ్యానర్లు కట్టారు, రోడ్డెక్కారు, 2023లో తీయించుకున్నారు. మా దగ్గర జెర్సీ కొన్నవాళ్లున్నారు, డప్పు కొట్టినవాళ్లున్నారు. కానీ ఊరు కదల్లేదు. ఆ సంగతి చెబుతుంటే నాకు కోపం, దుఃఖం రెండూ ఒకేసారి వచ్చాయి. రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకూ వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఊరికి దక్కాల్సింది ఇదా?

"నిన్ను వదిలి ఆటగాడు పోతే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉంటాడు" అని కళ్లజోడాయన స్టూ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, అంటే మన పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు తినాలి, ఈసారి డెర్బీకి రా, ఏదో ఒకటి తినిపిస్తాం అన్నాడు పెద్దాయన. వాన తెరిపిచ్చింది. నేను లేచేసరికి కుర్రాడు మళ్లీ ఆ వీడియో తీశాడు. ఈసారి మామయ్య కూడా వంగి చూశాడు. బంతి పోయాక ఎవరు వెనక్కి పరుగెత్తారో చూపించమంటున్నాడు.

మర్నాడు రైల్లో, ఖరగ్‌పూర్ దాటాక, గచ్చిబౌలికి కలిసి వెళ్లే మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఇంకా మన ఊళ్లోనే ఆడుతోంది, తర్వాతి హోమ్ మ్యాచ్‌కు ఎవరెవరు వస్తారు అని. భువనేశ్వర్ వచ్చేసరికి ఇద్దరు వస్తామన్నారు. ఒకడు మాత్రం, రెండేళ్లలో వీళ్లూ ఎటో వెళ్లిపోతే అని అడిగాడు. వెళ్లనివ్వకుండా ఉండాలంటే స్టేడియంలో మనం కనబడాలిరా, ముందు టికెట్ కొను అని రాశాను. వాడింకా జవాబివ్వలేదు.