ఐదో ఉదాహరణ

ఆదివారం. పొద్దున్నుంచి ముసురు వదల్లేదు.

బిడ్డ ఇప్పుడు ఏడో తరగతి. ‘మీ చుట్టూ కనిపించే సమాంతర రేఖలకు ఐదు ఉదాహరణలు రాయండి’ అని హోంవర్క్ ఇచ్చారు. రైలు పట్టాలు, కిటికీ చువ్వలు, నల్లబల్ల అంచులు, స్కేలు అంచులు అని నాలుగు చకచకా రాసేసింది. అన్నీ పుస్తకంలోవే. ఐదోది మాత్రం తనే వెతుక్కుంటానని పట్టుబట్టింది. ఆ పట్టుదల చూస్తే ఎంత ముచ్చటేసిందో!

ఎలాగూ ఇవాళ మా బాపును చూడటానికి వరంగల్‌లోని కొత్తవాడ పోవాలనుకున్నాం. ఆటో కాజీపేట బ్రిడ్జి ఎక్కగానే పిల్ల పక్కకు ఒరిగి పట్టాల వంక చూసింది. “అమ్మా, దూరంగా అవి కలిసిపోతున్నాయి కదా! మరి ఎప్పటికీ కలవవని ఎవరు చూశారు?”

ఎవరూ చూడలేదు. ఒకే తలంలో ఉండి, రెండు వైపులా ఎంత పొడిగించినా కలుసుకోని గీతలు అని దాదాపు 2,300 ఏళ్ల కింద యూక్లిడ్ చెప్పాడు. కానీ ఎంత పొడిగించినా అంటే, చివరిదాకా పోయి చూసొచ్చే వీలు ఎవరికుంది? అందుకే చేతికి అందే చోటే పరీక్ష పెట్టుకోవాలి. రెండింటినీ ఖండిస్తూ ఒక తిర్యగ్రేఖ గీసి, గీతల లోపల దానికి చెరోపక్క ఏర్పడే ఏకాంతర కోణాలు సమానమేనా అని చూడాలి. లేదంటే నాలుగు చోట్ల ఆ రెండింటి మధ్య దూరం కొలవాలి. పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ వైపు పోయినా, బల్లార్షా వైపు పోయినా, విజయవాడ వైపు పోయినా అదే గేజు. కళ్లకు కలిసిపోయినట్టు కనిపించే ఆ చోటా అంతే.

పిల్లకు ఇదంతా చెబుతుంటే నా చూపు పట్టాల మీది నుంచి స్లీపర్ల మీదికి పోయింది. డిగ్రీలో లెక్కలు చదివాను, ఇన్నేళ్లుగా ఈ బ్రిడ్జి మీద తిరుగుతున్నాను, ఎన్నడూ వాటి గురించి ఆలోచించలేదు. ఆ దూరం దానంతట అదే నిలవదు కదా. కింద స్లీపర్లు అడ్డంగా పట్టుకుని ఉండాలి, క్లిప్పులు ఊడకుండా ఉండాలి, ఇలాంటి ముసురులో కూడా కీమ్యాన్ వాటిని చూసుకుంటూ నడవాలి.

పోయిన వారం అత్తగారి ఊళ్లో వరి నాట్లప్పుడు కూడా అంతే. రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదులుతున్నారు. గాలీ వెలుతురూ మొదళ్లదాకా తగిలితే వరిని పీల్చే సుడిదోమ ఉధృతి తగ్గుతుందట. బాట వంకర పోకుండా ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు తాడు పట్టుకుని నిలబడ్డారు.

కొత్తవాడలో మా గల్లీలో మగ్గాల చప్పుడు ఇప్పుడు రెండిళ్లకే మిగిలింది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడు బాపు ఎంత సంబరపడ్డాడో! మోకాళ్ల నొప్పులతో ఆయన మగ్గం దిగి ఆరేళ్లయింది. హోంవర్క్ సంగతి చెప్పగానే మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయి మగ్గం ముందు కూర్చోబెట్టాడు. నిలువుగా బిగించిన పడుగు దారాలు వందలకొద్దీ, దువ్వెనలాంటి పన్నె సందుల్లోంచి వరుసగా వస్తున్నాయి. “దొరికింది!” అని అరిచింది పిల్ల.

బాపు తల అడ్డంగా ఊపాడు. “అవి పన్నె పట్టుకున్నది కాబట్టి అట్ల ఉన్నయి బిడ్డా. అంచులు సూడు. అసలు పని ఆడున్నది.”

పక్కింటి అన్న అడ్డంగా పేక వేసి చూపించాడు. పేక దారం పడుగుకు కిందా మీదా తిరుగుతూ పోవాలి కాబట్టి జంపఖానా వెడల్పు కంటే దానికి కొంచెం ఎక్కువ పొడవు కావాలి. తిన్నగా లాగి కొడితే ఆ పొడవు చాలక, రెండు అంచుల్నీ లోపలికి గుంజుకుంటుంది. అందుకే దారాన్ని విల్లులా కాస్త వంచి వేసి, ఆ తర్వాత కొడతారు.

“గట్టిగ గుంజితే అంచులు దగ్గరికొస్తయి. మరీ వదిలితే ఉబ్బుతది. పొద్దంత చెయ్యి ఒక్క తీరుగ ఉండాలె” అన్నాడు బాపు. చెబుతుంటే ఆయన వేళ్లు గాల్లో పేక వేస్తూనే ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక బిడ్డ సజ్జ మీది పాత జంపఖానా దించమంది. నేల మీద పరిచి, కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తెచ్చి అడ్డంగా నాలుగు చోట్ల కొలిచింది. మూడు చోట్ల 48 అంగుళాలు వచ్చింది. ఒక్కచోట 47½. మళ్లీ కొలిచినా అంతే. వెంటనే తాతకు ఫోన్ చేసింది.

“నీలం పట్టీల కాడనా?” అన్నాడు బాపు.

“అవును తాతా.”

కాసేపు మాట లేదు. “అది మీ అమ్మమ్మ నేసింది బిడ్డా. నాకు జరమొచ్చి పండుకుంటే, తెల్లారి సేటుకియ్యాలని రాత్రంత ఆమెనే కూసున్నది. ఆమెది గట్టి చెయ్యి. అంచు వంకరున్నదని సేటు తీసుకోలె. అట్ల ఇంట్ల మిగిలింది.”

అమ్మ పోయి నాలుగేళ్లు. చిన్నప్పుడు ఎన్ని ఎండాకాలాలు డాబా మీద ఈ జంపఖానా మీదే పడుకున్నానో! ఈ సంగతి ఎన్నడూ వినలేదు. నీలం పట్టీల దగ్గర అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపితే, లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చే వంపు తగిలింది. కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది.

బిడ్డ నోట్‌బుక్‌లో ఐదోదిగా ‘మా ఇంటి జంపఖానా అంచులు’ అని రాసి, పక్కన నాలుగు కొలతలూ వేసింది. అరంగుళం తక్కువున్నదాన్ని కొట్టేయనా అని అడిగింది. వద్దన్నాను.

జంపఖానాను మళ్లీ సజ్జ ఎక్కించబుద్ధి కాలేదు. మంచం మీద పరిచాను.