రిఫాంపిసిన్ ఇచ్చినా కదలని పాలిమరేజ్‌లు

బతికున్న బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ (డీఎన్‌ఏను చదివి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్) అణువులకు మెరిసే డై పట్టించి, ఒక్కొక్కటీ ఎలా కదులుతోందో మైక్రోస్కోప్‌లో చూస్తున్నాను. ఈసారి లేబలింగ్, అంటే ఆ డై పట్టించడం, చక్కగా కుదిరింది. ఒక్కో ఇ. కోలై కణంలో సగటున 40 ట్రాక్‌లు (ఒక్కో అణువు కదిలిన దారులు), లోకలైజేషన్ ఎర్రర్ (అణువు ఉన్న చోటును గుర్తించడంలో తేడా) 35 నానోమీటర్లు. తలనొప్పంతా రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌తోనే.

ఈ మందు పట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ రెండు మూడు న్యూక్లియోటైడ్లు దాటి ఆర్‌ఎన్‌ఏను పెంచలేదు. అప్పటికే జన్యువు మీద నడుస్తున్న ఎంజైములను మాత్రం ఇది ఆపదు. అవి సెకనుకు 40-50 న్యూక్లియోటైడ్ల చొప్పున పని పూర్తిచేసి డీఎన్‌ఏను వదిలేస్తాయి. అంటే అరగంట తర్వాత కదలని (డీఎన్‌ఏను పట్టుకున్న) అణువుల వాటా బాగా పడిపోవాలి. నాకు మాత్రం 52 శాతం నుంచి 41కి దిగి అక్కడే ఆగిపోయింది! మోతాదు మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. కణాలను పరిచే అగరోజ్ జెల్ ప్యాడ్‌లో కూడా అంతే కలిపాను, కాబట్టి స్లైడ్ మీదికి వచ్చాక కణాలు కోలుకునే అవకాశం లేదు.

ముందు లెక్క మీదే అనుమానం వచ్చింది. ఎక్స్‌పోజర్ 15 మిల్లీసెకన్లు. 35 నానోమీటర్ల ఎర్రర్‌ను వర్గం చేసి కాలంతో భాగిస్తే సెకనుకు 0.08 చదరపు మైక్రోమీటర్లు వస్తుంది. అంటే అసలు కదలని అణువు కూడా అంత కదులుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే కదలనిదిగా లెక్కించే హద్దు 0.15 దగ్గర పెట్టాను. ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి అణువులను బిగించేసిన కణాల్లో సగటు 0.09, పదింట తొమ్మిది ట్రాక్‌లు హద్దు కిందే. కాబట్టి హద్దుది తప్పు కాదు.

తర్వాత డై. కవర్‌స్లిప్‌లను 500 డిగ్రీల ఫర్నేస్‌లో కాల్చాకే వాడుతున్నాను, కణాల బయట గాజు మీద చుక్కలు దాదాపు లేవు. కానీ హేలోట్యాగ్ (డై అతుక్కునేలా పాలిమరేజ్‌కు తగిలించిన ప్రోటీన్) లేని స్ట్రెయిన్‌కి అదే డై, జేఎఫ్549, పట్టించి చూస్తే కణానికి 4 ట్రాక్‌లు వచ్చాయి, దాదాపు అన్నీ కదలనివే. ఎన్ని వాష్‌లు చేసినా లోపల ఎక్కడో అతుక్కుని ఉండిపోతోంది. ఆ నాలుగూ తీసేస్తే 52 కాస్తా 47, 41 కాస్తా 34. తేడా పెరిగింది గానీ 34 ఇంకా చాలా ఎక్కువ.

డై అవసరం లేకుండా తానే వెలిగే ప్రోటీన్ పీఏఎంచెర్రీకి ఈ బెడద ఉండదు. కానీ అది మసకగా ఉంటుంది, పైగా వెలిగించడానికి 405 నానోమీటర్ల లేజర్ కొట్టాలి. బతికున్న కణాల మీద ఆ కాంతి నాకు అస్సలు ఇష్టం ఉండదు. వాష్‌ల విసుగున్నా జేఎఫ్ డైలదే పైచేయి అంటాను. రిఫాంపిసిన్ ఎర్రటి మందే అయినా కాంతిని ఎక్కువగా పీల్చుకునేది 475 నానోమీటర్ల దగ్గర. 561 నానోమీటర్ల లేజర్‌తో చూసే నాకు ఇబ్బంది లేదు, 475కి దగ్గరి కాంతితో వెలిగించే జీఎఫ్‌పీ ప్రోటీన్ వాడేవాళ్లు జాగ్రత్తపడాలి.

ఇక మిగిలినవి రెండు ఊహలు. ఒకటి, మందు పట్టిన పాలిమరేజ్ ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే చోటు) దగ్గరికి పోవడం మానదు. అక్కడే కూర్చుని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు చేస్తూ ఉండిపోతుంది. ఇంకొకటి, అది డీఎన్‌ఏను ఎక్కడపడితే అక్కడ తాకుతూ, వదులుతూ తిరుగుతుంది. నా ట్రాక్ నాలుగు అంగలు, అంటే 60 మిల్లీసెకన్లే. అంతసేపు ఆగిన అణువూ, అరనిమిషం జన్యువు మీద నడిచిన అణువూ నా లెక్కలో ఒకటే. నాకు రెండోదాని మీదే ఎక్కువ అనుమానం. చుక్కలు న్యూక్లియాయిడ్‌లో (బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముద్దలో) ఎక్కడున్నాయో చూసి తేల్చుదామంటే, ఈ మందుకి న్యూక్లియాయిడే వ్యాకోచిస్తుంది.

అందుకే ఈసారి లేజర్ బాగా తగ్గించి 500 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ పెడుతున్నాను. తిరిగే అణువులు అలికినట్టయిపోతాయి, నిజంగా కూర్చున్నవే చుక్కలుగా మిగులుతాయి. ఫ్రేముల మధ్య చీకటి విరామాన్ని మార్చి తీస్తే బ్లీచింగ్ (డై వెలుగు ఆరిపోవడం) ఎంతో, డీఎన్‌ఏ నుంచి అసలు విడిపోవడం ఎంతో వేరుచేయొచ్చు. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ ట్రాక్‌మేట్‌లో గ్యాప్ క్లోజింగ్‌ను (మధ్యలో చుక్క కనిపించకపోయినా ట్రాక్‌ను కలిపేయడాన్ని) మాత్రం ఆపేస్తాను, లేకపోతే పక్కపక్క అణువులను కలిపేసి ఆయుష్షు పెంచేస్తుంది. దాంతోపాటు పాలిమరేజ్‌లో ఒక భాగాన్ని తయారుచేసే ఆర్‌పీఓబీ జన్యువులో మ్యుటేషన్ ఉన్న, రిఫాంపిసిన్‌కి లొంగని స్ట్రెయిన్‌లోకి హేలోట్యాగ్‌ను ఎక్కించాలి. అందులో కూడా వాటా తగ్గితే ఆ తగ్గుదల ట్రాన్స్‌క్రిప్షన్ (ఆర్‌ఎన్‌ఏ తయారీ) ఆగడం వల్ల కాదు.

ఇది తేలితే ఆర్‌ఎన్‌ఏ వైపు పోవాలని ఉంది. 2005లో ఇడో గోల్డింగ్, ఎడ్వర్డ్ కాక్స్ బృందం ఆర్‌ఎన్‌ఏలో మెరిసే ప్రోటీన్ అతుక్కునే ఎంఎస్2 సైట్లు 96 పెట్టి, ట్రాన్స్‌క్రిప్షన్ విడతలు విడతలుగా సాగడం బతికున్న కణంలోనే చూపించింది. చిక్కేమిటంటే అంత ప్రోటీన్ కప్పుకున్న ఆర్‌ఎన్‌ఏ త్వరగా నశించదు, పాత చుక్కలు అలాగే ఉండిపోతాయి. నేను 24 సైట్లతో మొదలుపెడతాను. వెలుగు తగ్గినా ఫర్వాలేదు, చుక్క మాయమయ్యే క్షణం కనిపించాలి.