అరాజకం అంటే అల్లరి కాదు

గత సెమిస్టరులో అంతర్జాతీయ సంబంధాల పేపరుకు నేనిచ్చిన ప్రశ్నల్లో ఒకటి: "అంతర్జాతీయ వ్యవస్థ అరాచకమైనది. వివరించండి." 42 జవాబు పత్రాలు వచ్చాయి. ముప్పైకి పైగా పత్రాల నిండా దోపిడీలు, బాంబు దాడులు, అంతర్యుద్ధాలే. ఒక అబ్బాయి మూడు పేజీలు రాసి, చివర "కాబట్టి పోలీసు వ్యవస్థను పటిష్ఠం చేయాలి" అని ముగించాడు. నవ్వొచ్చింది కానీ సున్నా వేయబోతే చేయి ఆడలేదు. పాపం, అసలు విషయం గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్లాడు. ఆ పోలీసులు ఎవరి పోలీసులు అని ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే పూర్తి మార్కులు ఇచ్చేదాన్ని.

తప్పు పిల్లలది కాదు, మాటది. అరాచకం అనగానే మనకు గొడవ వినిపిస్తుంది. దాని పాత రూపం అరాజకం. రాజు లేకపోవడం, అంతే. రామాయణంలో దశరథుడు కన్నుమూశాక, భరతుడు ఇంకా మేనమామ ఇంట్లోనే ఉండగా, పెద్దలు వసిష్ఠుడితో "నారాజకే జనపదే" అంటూ వరసగా చెప్పుకొచ్చే శ్లోకాలున్నాయి. రాజులేని దేశంలో ఎవరి సొత్తూ వారిది కాదు, మనుషులు చేపల్లా ఒకరినొకరు తింటారు అంటారు. కౌటిల్యుడి మాత్స్యన్యాయమూ ఇదే. కాకపోతే అయోధ్యలో సింహాసనం ఉంది, కూర్చునేవారే కరువు. చివరికి పాదుకలైనా ఎక్కాయి. దేశాల మధ్య సింహాసనమే లేదు, అంటే అన్నిటి మీదా అధికారం చలాయించే ప్రభుత్వం లేదు. మా శాస్త్రంలో అరాజకం అంటే ఇది.

ఇంతవరకు చెప్పగానే ఏటా ఎవరో ఒకరు చేయెత్తుతారు. "ఐక్యరాజ్యసమితి ఉంది కదా మేడమ్?" ఉంది. 193 సభ్య దేశాలున్నాయి, హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానమూ ఉంది. అప్పుడు నికరాగువా కథ చెబుతాను. తమ రేవుల్లో మందుపాతరలు పెట్టారని, తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చారని ఆ చిన్న దేశం 1984లో అమెరికా మీద దావా వేసింది. ఈ కేసు వినే అధికారం మీకు లేదని అమెరికా వాదించింది. ఉందని కోర్టు తేల్చేసరికి విచారణ నుంచే తప్పుకుంది. 1986 జూన్‌లో తీర్పు నికరాగువా పక్షాన వచ్చింది. అమలు చేయించమని భద్రతామండలికి వెళితే, అక్టోబరులో అమెరికా వీటో చేసింది. తీర్పు ఉంది, న్యాయమూర్తులున్నారు, బంట్రోతు లేడు. అలాగని ఆ తీర్పు చిత్తు కాగితమనడం నాకు ఇష్టం లేదు. బలప్రయోగం గురించి ఎవరు వాదించినా ఇప్పటికీ దాన్ని ఉటంకించక తప్పడం లేదు.

రాజు లేనిచోట భయం ఎలా పుడుతుందో ఉపన్యాసంతో ఎక్కదు. అందుకే ఒక ఆట ఆడిస్తాను. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి పది కాగితం ముక్కలు ఇస్తాను. కొన్ని ఆయుధాలకు, మిగిలినవి సంపదకు. ఎన్ని దేనికో రహస్యంగా రాసి, ఇద్దరూ ఒకేసారి విప్పి చూపించాలి. అవతలివారి ఆయుధాలు మీ కంటే మూడు ఎక్కువైతే మీ సంపదంతా వారిది. మాట్లాడుకోకూడదు. ఆట ముగిసేసరికి సంపద ఎవరి దగ్గర ఎక్కువ మిగిలితే వారికి ఐదు మార్కులు.

ఈసారి మొదటి వరసలోని ఇద్దరమ్మాయిలు ప్రాణ స్నేహితులు. ఒకే బెంచీ, ఒకే నోట్సు. మొదటి రౌండులో ఆయుధాలకు ఒకరు రెండు ముక్కలు, ఒకరు మూడు పెట్టారు. ఆ మూడును చూసి రెండు పెట్టిన అమ్మాయి కనుబొమలు కొంచెం లేచాయి. రెండో రౌండు ఐదు, నాలుగు. మూడో రౌండు ఏడు, ఏడు. ఐదో రౌండు వచ్చేసరికి తొమ్మిది, తొమ్మిది. ఇద్దరి దగ్గరా చెరో ముక్క సంపద. "ఎవరైనా దాడి చేయాలనుకున్నారా?" అని అడిగాను. "నేను అనుకోలేదు మేడమ్, అది చేస్తుందేమోనని" అంది ఒకమ్మాయి. రెండో అమ్మాయి నోరు తెరిచి, "నేనూ అంతే" అంది.

రాజనీతి శాస్త్రవేత్త జాన్ హెర్జ్ 1950లో దీనికి భద్రతా సందిగ్ధం అని పేరు పెట్టాడు. నా రక్షణ కోసం నేను చేసుకునే ఏర్పాటు నీకు బెదిరింపుగా కనిపిస్తుంది. నువ్వు చేసుకునేది నాకు. ఇద్దరిలో దుర్మార్గుడు లేకపోయినా కథ నడుస్తుంది. ఎన్ని సిద్ధాంతాలు చదివినా నాకు దీనంత దిగులు పుట్టించేది ఇంకొకటి లేదు. దుర్మార్గుడుంటే తిట్టుకునైనా తృప్తిపడవచ్చు.

బ్రిటన్ 1906లో డ్రెడ్‌నాట్ యుద్ధనౌకను సముద్రంలోకి దింపింది. తిండిగింజలు కూడా ఓడల్లో రావలసిన ద్వీపానికి నౌకాదళమే కోటగోడ. బెర్లిన్ నుంచి చూస్తే అదే గోడ తమ రేవులను మూసేయగల తలుపు. జర్మనీ కూడా కట్టింది, బ్రిటన్ మరిన్ని కట్టింది.

ఇంతకంటే వింత 1972 నాటి క్షిపణి నిరోధక ఒప్పందం. దూసుకొచ్చే క్షిపణులను అడ్డుకునే ఏర్పాట్లను రెండేసి చోట్లకు మించి పెట్టుకోబోమని అమెరికా, సోవియట్ యూనియన్ రాసుకున్నాయి. రెండేళ్ల తర్వాత దాన్ని ఒక్కో చోటికి తగ్గించుకున్నాయి. కవచం వద్దనుకోవడమా? అవును. పూర్తి కవచం ఉన్నవాడికి ఎదురుదెబ్బ భయం ఉండదు, ముందుగా కొట్టడానికి సాహసిస్తాడు. తరగతిలో ఈ మెలిక అర్థమైన క్షణాన ముఖాల్లో వచ్చే మార్పు చూడటానికే ఈ పాఠం చెబుతానేమో. 2002లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

దేశాల నడతను వివరించే సిద్ధాంతాలను వాస్తవికవాదం, ఉదారవాదం, నిర్మాణాత్మకవాదం అని మూడు గళ్ల పట్టికగా గీసి బట్టీ పట్టడం పరీక్షలకు చాలు. నేనూ గీయిస్తాను, తప్పదు. ఆ మూడో గడిలోని సిద్ధాంతకర్త అలెగ్జాండర్ వెంట్ 1992లో అన్న మాట మాత్రం ఆగి చూడాలి: అరాజకం అంటే దేశాలు దాన్ని ఏమి చేసుకుంటే అదే. అందుకే ఆట మళ్లీ ఆడించాను. ఈసారి ప్రతి రౌండుకు ముందు రెండు నిమిషాలు మాట్లాడుకోవచ్చు. స్నేహితురాళ్లిద్దరూ సున్నా, సున్నాతో ఐదు రౌండ్లూ గట్టెక్కారు. వెనక బెంచీలో ఇద్దరబ్బాయిలు నాలుగు రౌండ్లు మాట మీద నిలబడ్డారు. ఆఖరి రౌండులో ఒకడు మూడు ముక్కలు ఆయుధాలకు పెట్టి అవతలివాడి పది ముక్కలూ పట్టుకుపోయాడు. బెల్లు కొట్టాక కూడా వాళ్ల గొడవ వరండాలో వినిపించింది.

ఈ సెమిస్టరు ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్ననే మార్చి ఇచ్చాను: "అంతర్జాతీయ వ్యవస్థ అరాజకమైనది. వివరించండి." నిన్న అచ్చు కాపీ వచ్చింది. ప్రూఫు చూసినవారు ఎంతో శ్రద్ధగా 'జ'ను 'చ'గా దిద్దారు.