రిజర్వ్ జాబితాలో నా పేరు
బ్యాంకు క్లర్కు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే పరీక్ష తుది ఫలితం వచ్చింది. రోల్ నంబరు, పుట్టినతేదీ కొట్టి, వంకర అక్షరాల క్యాప్చా రెండుసార్లు తప్పాక పేజీ తెరుచుకుంది. రిజర్వ్ జాబితా!

“పాసా, ఫెయిలా?” అన్నారు నాన్న. ఎంపికైనవాళ్లలో ఎవరైనా చేరకపోతే పిలవవచ్చని చెప్పాను. “అంటే పెళ్లిచూపుల్లో ‘కబురు చేస్తాం’ అన్నట్టా?” అన్నారు. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

తొలి దశ పరీక్ష ప్రిలిమ్స్‌లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. అంత పరుగెత్తినా ఆ మార్కులు తుది జాబితాలో లెక్కకు రావు. ఇంటర్వ్యూ కూడా లేదు కాబట్టి అంతా రెండో దశ పరీక్ష మెయిన్స్ మీదే. కటాఫ్‌కు నాకూ మధ్య ఉన్నది దశాంశ బిందువు తర్వాతి అంకెలే. నిజం చెప్పాలంటే, కోపం వచ్చింది.

ఎస్‌బీఐ క్లర్క్ ప్రకటన కోసం చూస్తున్నాను. పదో తరగతిలో తెలుగు చదివాను కాబట్టి, అక్కడ స్థానిక భాషా పరీక్ష బాధ లేదు.